ఏ ఇసుక ఈగ?

1907లో మద్రాసులో ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు డబ్ల్యూ. ఎస్. ప్యాటన్, కాలా అజార్ రోగుల రక్తం పీల్చిన నల్లులను కోసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. రోగి ప్లీహంలో చిన్న గుండ్రటి చుక్కల్లా కనిపించే పరాన్నజీవి నల్లి జీర్ణనాళంలో నశించలేదు. పొడవుగా సాగింది, కశాభం మొలిపించుకొంది, సంఖ్యలో పెరిగింది. అంతకు నాలుగేళ్ళ ముందే, 1903లో, అదే నగరంలోని జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనవన్ ఆ పరాన్నజీవిని చూశాడు. లండన్ నుంచి విలియం లీష్మన్ కూడా అదే ఏడు దానిని వర్ణించగా, రొనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి లీష్మేనియా డోనవానీ అని నామకరణం చేశాడు. క్రిమి దొరికింది. దానిని మనిషి నుంచి మనిషికి మోసే వాహకం ఏదన్న ప్రశ్న మిగిలింది. పేదవాడి నులకమంచంలో నల్లి ఉంటుంది, కాలా అజార్ ఎక్కువగా పేదవాడి ఇంటి జబ్బు, పైగా నల్లి కడుపులో క్రిమి పెరుగుతోంది. ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

కాని నల్లి నిర్దోషి. ప్యాటన్ చూసింది అబద్ధం కాదు. దాని నుంచి తేల్చిన నిర్ణయమే నిలవలేదు. ఒక కీటకం కడుపులో క్రిమి కనబడడానికీ, ఆ కీటకం కాటుతో జబ్బు రావడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఈ సంగతి ఇప్పుడు మరీ గుర్తుంచుకోవలసి వస్తోంది. నేడు కీటకాల జాతిని గుర్తించడానికీ, వాటిలోని క్రిమిని పట్టుకోవడానికీ సూక్ష్మదర్శిని కన్న వెయ్యి రెట్లు సున్నితమైన అణుస్థాయి పద్ధతులు చేతికి వచ్చాయి. సున్నితత్వం పెరిగిన కొద్దీ, నల్లి విషయంలో జరిగిన పొరపాటు మళ్ళీ జరిగే అవకాశం కూడా పెరుగుతుంది.

అసలు వాహకం ఇసుక ఈగ. పేరులో ఈగ ఉన్నా చూపుకు దోమకు చుట్టం. రెండు, మూడు మిల్లీమీటర్లకు మించని దేహం, ఒంటినిండా నూగు, వాలినప్పుడు రెక్కలను పైకి ఎత్తి పెట్టుకొనే తీరు, ఎగరడం కన్న గెంతడమే ఎక్కువ అనిపించే కదలిక. దోమ నీటిలో గుడ్లు పెడుతుంది కనుక నీటి గుంట చూపించి దాని పుట్టుక చెప్పవచ్చు. ఇసుక ఈగ తడిసిన మట్టిలో, పశువుల కొట్టపు మూలల్లో, గోడ నెర్రెల్లో పెరుగుతుంది. దాని లార్వాలను వెదికి పట్టుకోవడం కీటక శాస్త్రంలోని అతి విసుగు పనులలో ఒకటి.

1924 ప్రాంతంలో జాన్ అలెగ్జాండర్ సింటన్ భారతదేశ పటం ముందు వేసుకొని ఒక సామ్యం చూపించాడు: కాలా అజార్ ఉన్న చోటల్లా ఫ్లెబోటమస్ అర్జెంటిపీస్ అనే ఇసుక ఈగ ఉంది. అర్జెంటిపీస్ అంటే వెండి పాదాలది. 1908లో కలకత్తాలో ఆనండేల్, బ్రునెట్టీ దానిని వర్ణించారు. సింటన్ సామాన్యుడు కాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా రంగంలో విక్టోరియా క్రాస్ పొంది, ఆ తరువాత రాయల్ సొసైటీ సభ్యత్వమూ పొందిన వ్యక్తి చరిత్రలో ఆయన ఒక్కడే. ఇక్కడ ఆయన ధైర్యం కన్న ఓపిక గురించి చెప్పుకోవాలి. ఇసుక ఈగల జాతులను వేరు చేయడానికి రెక్కల నరాల కొలతలు చాలవని, తల లోపలి భాగాలు చూడాలని ఆయన గ్రహించాడు. గ్రసని మీది ముళ్ళ అమరిక, నోటి కుహరంలోని పళ్ళ వరస, స్పర్శశృంగం ఖండాల పొడవు, వీటి ఆధారంగా భారతీయ ఇసుక ఈగలకు గుర్తింపు సూచికలు తయారుచేశాడు. అదే దశకంలో పాలస్తీనాలో ఆడ్లర్, థియోడోర్ ఆడ ఈగ ఉదరంలోని శుక్రగ్రాహికల ఆకారం చూసి జాతిని చెప్పే పద్ధతిని స్థిరపరిచారు.

ఈ పని ఎలాంటిదో తెలియని పాఠకుడికి ఒక్క మాట. గింజంత కూడా లేని ఈగను క్షారంలో నానబెట్టి పారదర్శకం చేయాలి. సన్నటి సూదులతో తలను విడదీసి, అడుగు పైకి వచ్చేలా తిప్పి పెట్టాలి. ఉదరం చివరి ఖండాలను తెరిచి, తుమ్మజిగురు కలిసిన ద్రవంలో అమర్చి, గాజు పలక మూయాలి. అప్పుడు అర్జెంటిపీస్ శుక్రగ్రాహిక పొరలు పొరలుగా ఖండితమై, చివర చిన్న బుడిపెతో కనిపిస్తుంది. చెయ్యి కాస్త వణికితే ఆ ఈగకు ఇక పేరు లేదు. ఇలా రోజుకు కొన్ని పదుల ఈగలు చూడగలిగినవాడు నిపుణుడే. 1978లో డి. జె. లూయిస్ ప్రాచ్య ప్రాంతపు ఇసుక ఈగలపై బ్రిటిష్ మ్యూజియం తరఫున ప్రచురించిన గ్రంథం ఈ సంప్రదాయానికి పరాకాష్ఠ. చదవడానికి రసవత్తరమైన పుస్తకం కాదది. బొమ్మలు చూసి, వర్ణన చదివి, మళ్ళీ సూక్ష్మదర్శినిలోకి చూసి, మళ్ళీ పుస్తకంలోకి రావలసిన పుస్తకం. డీఎన్ఏ యుగంలోనూ ఆ పుటలు తిరగేయక తప్పడం లేదు.

సింటన్ చూపిన సామ్యం సాక్ష్యమే గాని నిరూపణ కాదు. 1924లోనే కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ పాఠశాలలో నోల్స్, నేపియర్, స్మిత్ రోగుల రక్తం తాగించిన అర్జెంటిపీస్ ఈగలలో కశాభమున్న పరాన్నజీవిని చూశారు. నల్లి విషయంలో ప్యాటన్ కూడా ఇంతవరకు వచ్చాడన్నది గమనించదగ్గది. అయితే ఈసారి పరిశోధకులు అక్కడ ఆగలేదు. అస్సాంలో క్రిస్టోఫర్స్, షార్ట్, బరో నాయకత్వాన కాలా అజార్ కమిషన్ ఏళ్ళ తరబడి కాటు ద్వారా వ్యాధి సంక్రమణం చూపించాలని ప్రయత్నించి విఫలమయింది. చిక్కు ఎక్కడో స్మిత్ బృందం 1940 ప్రాంతంలో కనిపెట్టింది: ఒకసారి రక్తం తాగిన ఈగకు తరువాత రక్తం కాక ఎండు ద్రాక్ష రసం ఇస్తే, పరాన్నజీవులు విపరీతంగా పెరిగి గొంతు ద్వారాన్ని మూసేంతగా నిండిపోతాయి. ప్రకృతిలో ఇసుక ఈగ మొక్కల రసం పీలుస్తుంది. ప్రయోగశాలలో దానికి ఆ ఆహారం పెట్టాలని ఎవరికీ తట్టలేదు. ఎండు ద్రాక్ష కిటుకు తెలిశాక 1942లో అస్సాంలో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషులకు ఈగల కాటు ద్వారా కాలా అజార్ రావడం చూపించారు. నేడు అటువంటి ప్రయోగాన్ని ఏ నైతిక సంఘమూ అనుమతించదు. అయినా వాహకం ఎవరన్న వివాదం దానితోనే ముగిసింది. పటం మీది సామ్యం నుంచి కాటు నిరూపణ దాకా పద్దెనిమిదేళ్ళు పట్టింది.

అంతా తేలినట్టే అనిపిస్తుంది. కాని ఒక అసంగతం మిగిలే ఉంది. కాలా అజార్ ఉన్న చోటల్లా అర్జెంటిపీస్ ఉన్న మాట నిజమే. అర్జెంటిపీస్ ఉన్న చోటల్లా కాలా అజార్ లేదు. దక్కనులోనూ కేరళలోనూ ఈ ఈగ ఉంది. బీహారులో ఊళ్ళను తుడిచిపెట్టిన జ్వరం ఆ ప్రాంతాలలో వేళ్ళూనలేదు. శ్రీలంకలో అదే పరాన్నజీవి ప్లీహాన్ని ముట్టక, చర్మం మీద పుండ్లతో సరిపెడుతోంది. కారణాలు అనేకం ఉండవచ్చు: పరాన్నజీవి రకం, ఇళ్ళ కట్టుబడి, జనాభా పోషణ. అయితే మనం ఒకే పేరుతో పిలుస్తున్న ఈగ నిజంగా ఒకటేనా అన్న అనుమానం కూడా సహజం. 2010లో ఇలాంగో స్పర్శశృంగం మీది జ్ఞాన రోమాల పొడవు మొదలైనవి తిరిగి కొలిచి, అర్జెంటిపీస్ ఒకటి కాదు, మూడు అని ప్రతిపాదించాడు: అసలు అర్జెంటిపీస్, సింటన్ ఎప్పుడో వర్ణించిన ఆనండేలై, మిత్ర, రాయ్ 1953లో వర్ణించిన గ్లాకస్. చాలాకాలం పర్యాయ పదాలుగా భావించిన పేర్లకు ఇలా మళ్ళీ ప్రాణం వచ్చింది.

ఇది పేర్ల ముచ్చట కాదు. 1950లలో మలేరియా కోసం ఇళ్ళ గోడలకు కొట్టిన డీడీటీ వల్ల కాలా అజార్ కూడా దాదాపు మాయమయింది. చల్లడం ఆగాక 1970లలో బీహారులో మళ్ళీ విరుచుకుపడింది. గోడ మీద మందు పనిచేయాలంటే ఈగ ఆ గోడ మీద వాలాలి. తోబుట్టువు జాతులలో ఒకటి ఇంట్లో మనిషిని కుట్టి గోడన వాలేదీ, మరొకటి ఆవును కుట్టి చెట్టు తొర్రలోకి పోయేదీ అయితే, రెండింటినీ ఒకే పేరున లెక్కించినవాడు మందు వృథా చేస్తాడు, లేదా ఫలితాన్ని తప్పుగా చదువుతాడు. 2017లో భారతీయ అర్జెంటిపీస్‌లో నాడీకణాల సోడియం ద్వారానికి సంబంధించిన జన్యువులో, డీడీటీకి నిరోధకత ఇచ్చే మార్పులు కనిపించాయి. అటువంటి మార్పు ఏ జాతిలో, ఏ జిల్లాలో అన్నది తెలియకుండా పిచికారీకి పథకం వేయడం చీకటిలో బాణం వేయడమే.

ఇక్కడే అణుస్థాయి పద్ధతులు రంగంలోకి వచ్చాయి. 1980లలో వచ్చిన పాలిమరేజ్ చైన్ రియాక్షన్ (పీసీఆర్) ఈగ కాలు ఒక్కటి దొరికినా దాని డీఎన్ఏను కోట్ల ప్రతులుగా పెంచే వీలు కల్పించింది. 1990ల చివరలో పాల్ రెడీ, ఆయన సహచరులు మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువును చదివి ఇసుక ఈగల వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ జంతువులన్నిటికీ ఒకే గుర్తింపు ముక్క చాలునని ప్రతిపాదించాడు: మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మొదటి ఉపభాగపు జన్యువు, సుమారు 658 క్షార జతలు. దుకాణపు సరుకు మీది గీతల ముద్రను తలపిస్తూ దానికి బార్‌కోడ్ అని పేరు పెట్టాడు. 2012లో పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ శాస్త్రవేత్తలు భారతీయ ఇసుక ఈగలకు ఈ పద్ధతిని వర్తింపజేసి, సూది మొనతో వేరుచేసిన జాతులు డీఎన్ఏలోనూ విడివిడిగా నిలుస్తాయని చూపారు. ఆ తరువాత శ్రీలంక ఈగల బార్‌కోడ్ అధ్యయనంలో, ఒకే రూపం వెనక దాగిన వేరు జాతులు బయటపడ్డాయి.

ఇంతవరకు బాగానే ఉంది. కాని బార్‌కోడ్ తానుగా పేరు చెప్పదు. అది 658 అక్షరాల వరస మాత్రమే. ఆ వరసను పాత వరసల ఖజానాతో పోల్చి, దగ్గరి దాని పేరు దీనికి అంటిస్తారు. ఖజానాలోని ఆ మొదటి ఈగకు పేరు పెట్టిందెవరు? శుక్రగ్రాహిక చూసిన మనిషి. అతడు పొరబడితే యంత్రం ఆ తప్పును ఎంతో నిర్దుష్టంగా, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు తిరిగి అప్పజెబుతుంది.

రెండో చిక్కు మరింత లోతైనది. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది. రెండు జాతులు ఎప్పుడో ఒకసారి సంకరమయితే, ఒకదాని మైటోకాండ్రియా మరోదానిలో తరాల తరబడి నిలిచిపోవచ్చు. మధ్యధరా తీరంలోని పెర్నిషియోసస్, లాంగికస్పిస్ అనే ఈగల మధ్య ఇది జరిగినట్టు తెలిసింది. అటువంటప్పుడు బార్‌కోడ్ ఈగ అమ్మమ్మ పేరు చెబుతుంది, ఈగ పేరు కాదు.

దీనికి గొప్ప ఉదాహరణ దక్షిణ అమెరికాలో ఉంది. 1912లో లుట్జ్, నీవా వర్ణించిన లుట్జోమియా లాంగిపాల్పిస్ అక్కడి ఆంతరంగిక లీష్మానియాసిస్‌కు ప్రధాన వాహకం. 1960లలో మంగబెయిరా బ్రెజిల్‌లో ఒక వింత గమనించాడు: కొన్ని చోట్ల మగ ఈగ ఉదరం మీద ఒక జత మచ్చలు, కొన్ని చోట్ల రెండు జతలు. 1980లలో రిచర్డ్ వార్డ్ బృందం వీటిని జత కలిపి చూస్తే కొన్ని కలయికలు ఫలించలేదు. సియారా రాష్ట్రంలోని సోబ్రాల్ పట్టణంలో రెండు రూపాలూ ఒకే చోట ఉండి కూడా కలవవు. ఆ మచ్చల కింద ఉన్న గ్రంథులు ఆడ ఈగను పిలిచే వాసనను తయారుచేస్తాయి. ఆ పైన రియో డి జెనీరోలోని ఆస్వాల్డో క్రూజ్ సంస్థలో అలెగ్జాండర్ పెషోటో బృందం పీరియడ్ అనే జన్యువు మీద దృష్టి పెట్టింది. పండు ఈగలో అది దేహపు గడియారాన్నీ, మగ ఈగ రెక్కలతో చేసే ప్రణయ గీతపు లయనూ నడుపుతుంది. లాంగిపాల్పిస్ మగ ఈగల పాటలు రికార్డు చేసి చూస్తే, మచ్చలు ఒకటే ఉన్న జనాభాలలో కూడా పాటలు వేరు, వాసనలు వేరు. మచ్చ ఒక్కటే చెప్పలేని దానిని, మైటోకాండ్రియా ఒక్కటే చెప్పలేని దానిని, వాసన, పాట, కేంద్రకంలోని జన్యువులు కలిసి చెప్పాయి. ఆడ ఈగకు ఎవరు తనవాడో ఎప్పుడూ తెలుసు. శాస్త్రవేత్తలకు తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

తెలుగు నేలకు ఈ ప్రశ్న 2003 వేసవి చివర వచ్చింది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ ప్రాంతాలలో, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, మూర్ఛ, స్పృహ తప్పడం మొదలయ్యాయి. చాలామంది రెండు రోజులలోపే మరణించారు. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది దక్కలేదు. జపనీస్ మెదడువాపు అన్న తొలి అనుమానం నిలవలేదు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ చండీపురా వైరస్ అని తేల్చింది. 1965లో నాగపూర్ దగ్గరి చండీపురా గ్రామంలో ఇద్దరు పెద్దవాళ్ళ జ్వరం నుంచి వేరుచేసి, అంతగా హాని చేయనిదిగా పక్కన పెట్టిన వైరస్ అది. పిల్లల మరణాలకు అదే పూర్తి కారణమా అన్న వాదన వైద్యుల మధ్య కొంతకాలం నడిచింది.

మరి మోసిందెవరు? 2005లో వెలువడిన పరిశోధన పత్రం ప్రకారం, కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగలలో వైరస్ జాడ అణుస్థాయి పరీక్షలో దొరికింది. ఆ ఈగలు ఫ్లెబోటమస్ కావు, సెర్జెంటోమియా. పత్రం శీర్షికలోనే ప్రజాతి పేరు ఉంది; జాతి పేరు లేదు. ఇక్కడ ఆగి ఆలోచించవలసి ఉంది. సెర్జెంటోమియా ఈగలు ప్రధానంగా బల్లులను, తొండలను కుట్టేవిగా పేరుపడ్డవి. దక్షిణాది ఇళ్ళలో సమృద్ధిగా దొరుకుతాయి. మనిషికి వాటితో పనిలేదని పుస్తకాలు చాలాకాలం దాటవేశాయి. ఇంకో విచిత్రం, ఈ ప్రజాతికి 1920లో పేరు పెట్టింది సెర్జాన్ సోదరుల గౌరవార్థం. ఆ సోదరులే మరుసటి ఏడు ఇసుక ఈగలు చర్మపు లీష్మానియాసిస్‌ను మోస్తాయని అల్జీరియాలో చూపినవారు. ఇసుక ఈగ నేరాన్ని చూపినవారి పేరు, నిరపరాధిగా చెప్పుకొనే ఈగకు దక్కింది.

వైరస్‌ను ఈగ నుంచి ఈగకు, ఈగ నుంచి జంతువుకు దాటించిన ప్రయోగాలు ఎక్కువగా ఫ్లెబోటమస్ పాపటాసి, అర్జెంటిపీస్ మీద జరిగాయి. ఇంట్లో దొరికిన సాక్ష్యం ఒక ప్రజాతి మీద, ప్రయోగశాల సాక్ష్యం మరో ప్రజాతి మీద. వైరస్ కోసం వెదికేటప్పుడు ఈగలను సాధారణంగా గుంపులుగా ఒక గొట్టంలో వేసి నూరుతారు. నూరిన ఈగకు తల ఉండదు, శుక్రగ్రాహిక ఉండదు. దానిలో ఒక్క ఫ్లెబోటమస్ కలిసిందా లేదా అని తరువాత చెప్పడం, డీఎన్ఏ నిలవ ఉంటే తప్ప, సాధ్యం కాదు.

లీష్మేనియా విషయంలో సెర్జెంటోమియా గురించి మరింత స్పష్టమైన సమాధానం 2013లో ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఆఫ్రికాలో సెర్జెంటోమియా ఈగలలో పీసీఆర్ పరీక్ష లీష్మేనియా డీఎన్ఏను పట్టడంతో, అవీ వాహకాలేనా అన్న అనుమానం పుట్టింది. ప్రాగ్ బృందం సెర్జెంటోమియా ష్వెట్జీకి పరాన్నజీవి కలిపిన రక్తం తాగించి చూసింది. రక్తం జీర్ణమైనంతవరకే పరాన్నజీవి ఉంది, తరువాత నిలవలేదు. డీఎన్ఏ చూపింది ఈగ తిన్న ఆఖరి భోజనాన్ని. మద్రాసు నల్లి కథే శతాబ్దం తరువాత మరింత ఖరీదైన యంత్రంతో తిరిగి నడిచింది. రాబర్ట్ కిల్లిక్-కెండ్రిక్ ఇదివరకే హెచ్చరించిన విషయమిది. ఒక ఈగను వాహకం అనాలంటే అది మనిషిని కుట్టాలి, వ్యాధి ఉన్న చోట ఉండాలి, మనిషిలో ఉన్న రకం క్రిమే దానిలో సహజంగా మళ్ళీ మళ్ళీ దొరకాలి, రక్తం జీర్ణమయ్యాక కూడా క్రిమి బతికి పెరగాలి, కాటుతో దాటాలి. పీసీఆర్ వీటిలో ఒకటి, రెండింటికే జవాబిస్తుంది.

చండీపురా విషయంలో సెర్జెంటోమియాను అలా కొట్టివేయడానికీ వీలులేదు. వైరస్‌కు, లీష్మేనియాకు తేడా ఉంది. బల్లిని కుట్టే ఈగ మనిషిని ఎప్పుడూ కుట్టదన్న నమ్మకాన్ని కూడా, కడుపులోని రక్తపు డీఎన్ఏ పరీక్షలు కొన్నిచోట్ల సడలించాయి. అనుమానితుడు అనుమానితుడిగానే ఉన్నాడు.

2014లో ప్రాగ్ నుంచే మరో పద్ధతి వచ్చింది: ఈగ దేహంలోని మాంసకృత్తుల బరువుల చిత్రాన్ని మాల్డి-టోఫ్ అనే యంత్రంతో తీసి, నిమిషాలలో జాతి చెప్పడం. ఆసుపత్రి ప్రయోగశాలల్లో బాక్టీరియాను గుర్తించడానికి వాడుతున్న యంత్రమే ఇది. దీనికీ ముందుగా సరిగా పేరు పెట్టిన ఈగల చిత్రాలు కావాలి. 2023లో పాపటాసి, లాంగిపాల్పిస్‌ల సంపూర్ణ జన్యుపటాల విశ్లేషణ వెలువడింది. అర్జెంటిపీస్ తోబుట్టువుల తగవు కూడా ఒక్క జన్యువు కాక, మొత్తం జన్యుపటం చదివితే తెగుతుందని ఆశించవచ్చు. అయితే ఆ చదివిన ఈగ తల, తోక ఎక్కడో ఒక గాజు పలక మీద భద్రంగా ఉండాలి.

జాగ్రత్తగల ప్రయోగశాలలు నేడు చేస్తున్నది ఇదే. ఈగను మూడు ముక్కలు చేస్తారు. తల, ఉదరం చివర గాజు పలక మీదికి పోతాయి. మధ్య ఉరం, కాళ్ళు డీఎన్ఏ గొట్టంలోకి పోతాయి. రెంటి మీదా ఒకే సంఖ్య రాస్తారు. కష్టమంతా పలక చదవగలిగిన మనుషుల దగ్గర ఉంది. డీఎన్ఏ చదివే యంత్రాల ధర ఏటేటా పడిపోతోంది. గ్రసని ముళ్ళ వరస చూసి పేరు చెప్పే కళను నేర్చుకొనేవారు కూడా ఏటేటా తగ్గుతున్నారు.

2024 జూన్, ఆగస్టు మధ్య గుజరాత్‌లోనూ చుట్టుపక్కల రాష్ట్రాలలోనూ మళ్ళీ పిల్లలలో తీవ్ర మెదడువాపు కేసులు 245 వచ్చాయి. 82 మంది మరణించారు. 64 కేసులలో చండీపురా వైరస్ నిర్ధారణ అయింది. గత రెండు దశాబ్దాలలో ఇదే అతి పెద్దది. ఇళ్ళ గోడల నెర్రెలు పూడ్చారు, మందు చల్లారు. ఆ గోడల మీద వాలినవి ఫ్లెబోటమస్‌లా, సెర్జెంటోమియాలా, వాటిలో ఏ జాతులు అన్న ప్రశ్న కరీంనగర్‌లో ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలవుతుంది.